నీతి ఎవరి చేతిలో పుట్టింది? ఘాసీదాస్ నుంచి అంబేద్కర్ దాకా

(తిల్దాలో విద్యార్థులు, అధ్యాపకులు, ఉద్యోగులు కలిసి జరుపుకున్న అధ్యయన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తత్వశాస్త్రం మీద మాట్లాడమంటే ఎక్కువమంది గ్రీకుల దగ్గర మొదలుపెడతారు. నేను తిల్దా దగ్గరే మొదలుపెడతాను. నైతిక విలువలు ఎక్కడ పుడతాయి, వాటిని ఏ కొలతతో విమర్శించాలి అన్న ప్రశ్న మీద ఈ మైదానంలోని పల్లెలు రెండు వందల ఏళ్లుగా వాదించుకుంటున్నాయి. ఒకవైపు గురు ఘాసీదాస్ పుట్టిన గిరౌద్‌పురి ఉంది. ఇంకోవైపు కబీర్‌పంథీల పీఠమైన దామాఖేడా ఉంది. 1868లో ఆస్కార్ లోర్ అనే జర్మన్ మిషనరీ వచ్చి సత్‌నామీల మధ్య పని మొదలుపెట్టిన బిశ్రాంపూర్ కూడా ఈ మైదానంలోదే. ఈ మూడు చోట్లా మనుషులు అడిగినవి ఒకే రకం ప్రశ్నలు. ఏం తినాలి? ఎవరికి మొక్కాలి? ఎవరి ముందు తల వంచాలి? ఎవరి పక్కన కూర్చోవాలి? విశ్వవిద్యాలయంలో మనం నీతిశాస్త్రం పేరుతో చదివేది కూడా ఈ ప్రశ్నలనే.

ఈ సభలో రైల్వేలోనో, భిలాయ్ ఉక్కు కర్మాగారంలోనో పనికొచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలవాళ్లు ఉన్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడేవాళ్లు మీరు. అందుకని ఇక్కడి ఉదాహరణల పక్కన ఒంగోలునూ, ఉస్మానియానూ కూడా పెడతాను.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఒక విలువ ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడం అవసరం. కానీ పుట్టుక తెలిసినంత మాత్రాన దాని మంచిచెడ్డలు తేలిపోవు. ఒకే నియమం ఒకరి చేతిలో సంకెల అవుతుంది, ఇంకొకరి చేతిలో ఆత్మగౌరవం అవుతుంది. ఆ నియమం మనుషుల మధ్య ఎలాంటి సంబంధాన్ని నిలబెడుతోందో చూసినప్పుడే దాని విలువ తెలుస్తుంది. ఈ కొలతను మనకు తయారుచేసి ఇచ్చింది బాబాసాహెబ్.

ఇది ఇప్పుడెందుకు మాట్లాడుకోవాలి? మన తరగతి గదుల్లో రెండు గొంతులు వినిపిస్తున్నాయి. మొదటి గొంతు, విలువలు మన ప్రాచీన సంప్రదాయంలోనే ఉన్నాయి, వాటిని పిల్లలకు మళ్లీ నేర్పితే చాలు అంటుంది. రెండో గొంతు, విలువలన్నీ అధికారం ఆడే ఆటలే, మంచి అనేది ఎవరికి వారు చెప్పుకునే కథ అంటుంది. మొదటిది మనల్ని మనువు దగ్గరికి తీసుకెళ్తుంది. రెండోది మనువును తప్పుపట్టే అర్హత కూడా మనకు లేకుండా చేస్తుంది. అన్నీ కథలే అయితే అంటరానితనమూ ఒక కథే, సమానత్వమూ ఒక కథే అవుతాయి. పీడితుల పిల్లలకు ఈ రెండు గొంతులతోనూ పని జరగదు.

మూడు మాటలు

ముందు మన మాటలను చూద్దాం. నీతి, ధర్మం, శీలం అన్న మూడింటినీ మనం ఒకే అర్థంలో వాడేస్తుంటాం. నీతి అన్న మాట మూలంలో నడిపించడం ఉంది. ధర్మం అన్న మాట మూలంలో నిలబెట్టి ఉంచడం ఉంది. శీలం అంటే మనిషి తనకు తాను అలవరచుకునే నడత. నడిపించేవాడు, నిలబెట్టి ఉంచేవాడు, అలవరచుకునేవాడు ముగ్గురూ ఒక్కరే అయ్యే పని లేదు.

తెలుగులోని పాత నీతి గ్రంథాలు చాలావరకు రాజుకూ, మంత్రికీ, కరణానికీ, కొలువులో ఉన్నవాడికీ లోకంలో ఎలా నెగ్గుకురావాలో చెప్పాయి. ధర్మశాస్త్రాల దారి వేరు, ఈ నీతి గ్రంథాల దారి వేరు అని వెల్చేరు నారాయణరావు, సంజయ్ సుబ్రహ్మణ్యం వివరంగా రాశారు. మనం మాత్రం బడిలో సుమతీ శతకాన్ని మనుషులందరికీ ఒకే రీతిలో వర్తించే నీతిగా బట్టీ పట్టాం. ఎవరిని నమ్మాలి, ఎవరికి దూరంగా ఉండాలి అని కొలువులోని మనిషికి చెప్పిన లౌక్యం, మాల మాదిగ పిల్లల నోట కూడా సద్గుణం పేరుతో పలికింది. అది ఎవరు ఎవరికి చెప్పిన మాట అని అడిగే అలవాటు మనకు చేయలేదు.

ధర్మం సంగతి ఇంకా స్పష్టం. ధర్మశాస్త్రాల్లో మనిషికి ధర్మం లేదు, వర్ణానికి ఉంది. ఒకే పని చేసినవాళ్లకు పుట్టుకను బట్టి వేర్వేరు శిక్షలు రాసిన శాస్త్రం అది.

ఇక శీలం బౌద్ధులకు చాలా దగ్గరి మాట. పంచశీలలో పైనుంచి వచ్చిన ఆజ్ఞ ఉండదు. ఫలానా పని నుంచి తప్పుకునే సాధనను నేను స్వీకరిస్తున్నాను అని మనిషి తన నోటితో తాను చెప్పుకుంటాడు. అంత పెద్ద మాట ఈనాటి తెలుగు సినిమాల్లో, వార్తల్లో ఆడదాని ఒంటి మీద పెట్టిన కాపలాగా కుదించుకుపోయింది. ఒక విలువ కాలక్రమంలో ఎవరి చేతుల్లోకి పోతుందో తెలుసుకోవడానికి ఈ ఒక్క మాట చరిత్ర చాలు.

నీషే, మనువు, అంబేద్కర్

విలువలకు కూడా వంశావళి ఉంటుందని ఐరోపాలో గట్టిగా చెప్పినవాడు నీషే. 1887లో వచ్చిన తన పుస్తకంలో ఆయన వేసిన ప్రశ్న సూటిగా ఉంటుంది. మనం మంచి అనేదాన్ని మంచి అని మొదట ఎవరన్నారు? ఏ పరిస్థితుల్లో అన్నారు? ఆయన జవాబు ప్రకారం బలవంతులు, కులీనులు తమనూ తమ తీరునూ మంచి అని పిలుచుకున్నారు. ఎదురు తిరగలేని బలహీనులు తమ కసిని లోపలే దాచుకుని, వినయం, జాలి, ఓర్పు వంటి తమ నిస్సహాయతలకు సద్గుణాలని పేరు పెట్టారు. దాన్నే ఆయన బానిసల నీతి అన్నాడు.

ప్రశ్న గొప్పది. కానీ ఆ ప్రశ్నతో నీషే ఎక్కడికి చేరాడో చూడండి. 1888లో లూయీ జాకొలియో ఫ్రెంచి అనువాదంలో మనుస్మృతి ఆయన చేతికి వచ్చింది. అందులో చండాలులకు పెట్టిన కట్టడుల క్రూరత్వాన్ని ఆయన గమనించకపోలేదు. అయినా క్రైస్తవ గ్రంథంతో పోల్చి మనువుదే ఉన్నతమైన ప్రపంచం అన్నాడు. క్రైస్తవాన్ని చండాల విలువల గెలుపుగా వర్ణించాడు. విలువల పుట్టుకను తవ్వి తీసినవాడు తవ్వకం చివర మనువుకు నమస్కరించాడు.

బాబాసాహెబ్ ఈ సంగతిని వదిలిపెట్టలేదు. ఆయన బతికుండగా అచ్చుకాని, 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం సంపుటాల్లో వెలుగుచూసిన 'హిందూమత తత్వం' అన్న రచనలో నీషేనూ మనువునూ పక్కపక్కన పెట్టి కొలిచారు. నీషే చెప్పిన అతిమానవుడు కనీసం తన యోగ్యత వల్ల పైకి వస్తాడు, మనువు చెప్పినవాడు కేవలం పుట్టుక వల్ల పైన ఉంటాడు అన్నది ఆయన వాదన. అంటే నీషే కంటే మనువే మనిషిని ఎక్కువ దిగజార్చాడు. అదే రచనలో ఆయన ఒక మతాన్ని పరీక్షించడానికి న్యాయం, ప్రయోజనం అన్న రెండు కొలతలు పెట్టుకున్నారు. ప్రాచీన సమాజానికి గుంపు బాగోగులు కేంద్రం, ఆధునిక సమాజానికి వ్యక్తికి జరిగే న్యాయం కేంద్రం. ఏ మతమైనా ఆ రెండో కొలత ముందు నిలబడాలన్నారు.

నీషే విశ్లేషణలో ఒక పెద్ద లోపం ఉంది. చండాలుడి లోపల కసి తప్ప మరేమీ ఉండదని ఆయన ముందే అనుకున్నాడు. నువ్వు ఏ విలువను తయారుచేస్తున్నావని చండాలుణ్ణి అడగనే లేదు. అడిగి ఉంటే ఏం జవాబు వచ్చేదో తెలుసుకోవడానికి గిరౌద్‌పురి దాకా వెళ్లాలి.

ఒకే నియమం, మూడు ఊళ్లు

సంప్రదాయం ప్రకారం ఘాసీదాస్ 1756 డిసెంబర్ 18న పుట్టారు. చమార్ కులంలో పుట్టి, ఒకరి పొలంలో జీతానికి పనిచేసిన మనిషి. పూరీ జగన్నాథుణ్ణి చూడడానికి బయల్దేరి, సారంగఢ్ నుంచే వెనక్కి తిరిగి సత్‌నామ్, సత్‌నామ్ అంటూ ఇంటికి వచ్చారని ఆయన గురించి ఒక కథ చెబుతారు. ఆ వెనక్కి తిరగడాన్ని ఒక తాత్విక నిర్ణయంగా చదవాలని నా అభిప్రాయం. తనను లోపలికి రానివ్వని గుడిలో సత్యం లేదని అప్పటికే తేల్చుకున్న మనిషి అక్కడ కనిపిస్తాడు. ఆయన విగ్రహాలు వద్దన్నారు, పూజారి వద్దన్నారు, మనిషికీ మనిషికీ తేడా లేదన్నారు. మాంసం, కల్లు, సారా, పొగాకు మానమన్నారు. ఆవును నాగలికి కట్టొద్దన్నారు. నేటికీ సత్‌నామీ పల్లెల్లో కనిపించే జైతఖామ్ ఒక తెల్లని స్తంభం, పైన తెల్లని జెండా. అందులో బొమ్మ లేదు.

ఇక్కడ మన సామాజిక శాస్త్రవేత్తలు ఒక తొందరపాటు తీర్పు ఇస్తారు. మాంసం మానడం, సారా మానడం అంటే పై కులాలను అనుకరించడమే కదా, ఎం.ఎన్. శ్రీనివాస్ చెప్పిన సంస్కృతీకరణే కదా అంటారు. ఘాసీదాస్ కొడుకు బాలక్‌దాస్ జంధ్యం వేసుకున్నారు కాబట్టి ఆ తీర్పు మరింత బలంగా కనిపిస్తుంది. కానీ అదే బాలక్‌దాస్‌ను 1860 ప్రాంతంలో రాజ్‌పుత్‌లు చంపేశారు. అది ఒట్టి అనుకరణే అయితే అంత కోపం దేనికి? సౌరభ్ దూబే సత్‌నామీల చరిత్ర మీద 1998లో ప్రచురించిన పుస్తకంలో దీన్ని నిదానంగా వివరించారు. శుద్ధికి సంబంధించిన గుర్తులను తీసుకుంటూనే సత్‌నామీలు ఆ గుర్తులకు ఆధారమైన దేవుళ్లనూ, పూజారినీ, కులాన్నీ కాదన్నారు. శుద్ధి మా సొంతం అని చెప్పుకునేవాళ్ల చేతిలోంచి దాన్ని లాక్కుని, ఇది ఎవరి సొంతమూ కాదని చూపారు. పై కులాలకు గుచ్చుకున్నది అదే.

ఇప్పుడు ఒంగోలు వెళ్దాం. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అక్కడికి వచ్చాడు. ఆయన కంటే ముందే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సాధకుడు గురువులను వెతుక్కుంటూ తిరిగి, అచల యోగ మార్గాల్లో నడిచి, చివరకు క్రైస్తవాన్ని స్వీకరించి పల్లె పల్లెకూ తీసుకెళ్లాడు. కరువు తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. చేరినవాళ్ల ముందు ఉంచిన ముఖ్య నియమాల్లో మూడు ఇవి: ఆదివారం పని చేయొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు. పైకి చూస్తే ఇవి ఒక మిషనరీ పెట్టిన మత నియమాలు. ఊళ్లో వాటికి వచ్చిన అర్థం వేరు. ఆదివారం పని మానితే రైతు ఆజ్ఞ చెల్లదు. విగ్రహానికి మొక్కకపోతే జాతరలో డప్పు మోగదు. చచ్చిన గొడ్డును తిననివాడికి దాన్ని లాగే వెట్టి మీద కూడా ప్రశ్న మొదలవుతుంది. రెడ్లు, కరణాలు, మునసబులు అంతగా మండిపడింది అందుకే. వాళ్లను కదిలించింది బైబిల్ సిద్ధాంతం కాదు, తమ వెట్టి వ్యవస్థలో పడిన పగులు.

మూడో ఊరు మహాడ్. 1927 మార్చి 19, 20 తేదీల్లో జరిగిన సభలో బాబాసాహెబ్ చచ్చిన పశువుల మాంసం మానేయమని, ఎంగిలి కూడు ముట్టొద్దని పిలుపునిచ్చారు. మార్చి 20న వేలమంది వెంట నడవగా చవదార్ చెరువు నీళ్లు తాగారు. అదే ఏడాది డిసెంబర్ 25న మనుస్మృతిని తగలబెట్టారు. ఈ మూడు పనులూ ఒకే వరుసలోవి. ముందు ఒక కులం మీద కళేబరాన్ని మోపి, తర్వాత అది వాళ్ల స్వభావం అనే వ్యవస్థ ముందు, మేం మోయం అని ప్రకటించడం అక్కడ జరిగింది. దేవుడి పేరు లేదు, శుద్ధి పేరు లేదు, స్వర్గం ఆశ లేదు. ఉన్నదల్లా ఆత్మగౌరవం. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు చర్మం ఒలుస్తున్న దళిత యువకులను కొట్టినప్పుడు, అక్కడి దళితులు ఇక కళేబరాలు ఎత్తబోమని నిర్ణయించుకున్నారు. ఎనభై తొమ్మిదేళ్ల తర్వాత కూడా మహాడ్ మాట పనిచేసింది.

చచ్చిన పశువు మాంసం ముట్టరాదన్న నియమం ఈ మూడు ఊళ్లలోనూ ఉంది. గిరౌద్‌పురిలో అది సత్యం పేరుతో వచ్చింది, ఒంగోలులో క్రీస్తు పేరుతో, మహాడ్‌లో మనిషి పేరుతో. నియమాల జాబితా రాసుకుంటే మూడూ ఒకటే. దాన్నే పాటించే శాకాహార బ్రాహ్మణుడి పేరు కూడా ఆ జాబితాలోకి వస్తుంది. సంబంధాల లెక్క రాసుకుంటే మాత్రం ఈ మూడూ ఒకవైపు, ఆ బ్రాహ్మణుడు ఇంకోవైపు ఉంటారు. ఇవి పీడితుణ్ణి లేపడానికి పనికొచ్చాయి. అది ఇంకొకరిని ఊరి బయట ఉంచడానికి పనికొచ్చింది.

ఆ ఊరి బయట ఉంచడం ఎలా మొదలైందో బాబాసాహెబ్ 1948లో 'అస్పృశ్యులు' అన్న పుస్తకంలో తవ్వారు. ఒకప్పుడు బ్రాహ్మణులే యజ్ఞాల్లో గోవును వధించి తినేవారు, బౌద్ధంతో జరిగిన పోరులో పైచేయి కోసం మాంసం మానారు, గోవు పవిత్రమైంది, చచ్చిన ఆవును తింటూ మిగిలిపోయిన ఊరి వెలుపలి బౌద్ధులు అంటరానివారయ్యారు అన్నది ఆయన సిద్ధాంతం. ఆధారాల మధ్య ఖాళీలను ఊహతో కలుపుతున్నానని ఆయనే ముందుమాటలో చెప్పుకున్నారు. చరిత్రకారులు దీన్ని చర్చిస్తూనే ఉన్నారు, చర్చించాలి కూడా. నేను ఎత్తి చూపేది పద్ధతిని. నీషే బానిస నీతి పుట్టుకను తవ్వితే, అంబేద్కర్ యజమాని పవిత్రత పుట్టుకను తవ్వారు.

నియమం, సూత్రం

1936 నాటి 'కుల నిర్మూలన'లో నియమానికీ సూత్రానికీ మధ్య ఆయన గీసిన గీత మన చర్చకు కీలకం. నియమం ఏం చేయాలో చెబుతుంది. సూత్రం ఎలా తూచాలో చెబుతుంది. నియమాన్ని పాటించేవాడు ఆలోచించనక్కర్లేదు, సూత్రాన్ని పాటించేవాడు ప్రతిసారీ తన పనికి తాను బాధ్యుడు. కేవలం నియమాల మూటగా మిగిలిన మతాన్ని చట్టం అనాలి తప్ప మతం అనకూడదని ఆయన వాదించారు.

1957లో వచ్చిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో దీన్ని అహింసకు వర్తింపజేశారు. బుద్ధుడి అహింస నియమం కాదు, సూత్రం అన్నారు. చంపాలన్న కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు. అందుకే బౌద్ధంలో తమకోసం చంపని మాంసాన్ని భిక్షువు స్వీకరించే వీలుంది. అదే పుస్తకంలో ఇంకో ముఖ్యమైన మాట ఉంది. దొంగల ముఠాలోనూ నీతి ఉంటుంది, వ్యాపారుల మధ్యా, ఒకే కులం వాళ్ల మధ్యా నీతి ఉంటుంది. కానీ అది తమవాళ్లను కాపాడి పరాయివాళ్లను మింగే నీతి. నీతి లేకపోవడం కులానికున్న జబ్బు కాదు. తమవాళ్ల వరకే ఆగిపోయే నీతి దాని జబ్బు. పెళ్లిలో, అప్పులో, ఉద్యోగం ఇప్పించడంలో కులం ఎంత నిజాయితీగా, ఎంత త్యాగంతో పనిచేస్తుందో మనందరికీ తెలుసు.

ఇప్పుడు ఈ కొలతను మన చుట్టూ పెట్టి చూద్దాం.

2019లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బడి భోజనంలో గుడ్డు పెట్టాలనుకున్నప్పుడు కబీర్‌పంథీలు ఆందోళన చేశారు. తినని పిల్లలకు వేరే పౌష్టికాహారం ఇస్తామని, బడిలో ఏకాభిప్రాయం కుదరనిచోట గుడ్డు ఇంటికే పంపుతామని ప్రభుత్వం సర్దుబాటు చేసింది. మన తెలుగు రాష్ట్రాల్లో బడిలో గుడ్డు మామూలు సంగతి కాబట్టి ఈ గొడవ వింతగా అనిపించవచ్చు. కబీర్ పేరు మీద నడిచే పంథ్ కులాన్ని కాదన్న వారసత్వం ఉన్నది. వాళ్ల శాకాహారాన్ని బ్రాహ్మణత్వం అని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. కబీర్‌పంథీ పిల్ల నేను తినను అంటే అది ఆమె శీలం. ఆమెను ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. పక్కన కూర్చున్న గోండు పిల్లకు, సత్‌నామీ కాని దళిత పిల్లకు గుడ్డు పెట్టొద్దు అన్నప్పుడు మాత్రం అది శీలం స్థానం నుంచి జారి ఇంకొకరి పళ్లెం మీద అధికారం అవుతుంది. కబీర్ వారసత్వం ఆ రెండో పనికి ఒప్పుకుంటుందా అని పంథ్‌లోని వాళ్లే అడగాలి.

2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో దళిత, బహుజన విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరిపారు, దాడులు జరిగాయి. అక్కడ తినడం ఆత్మగౌరవం, ఇక్కడ సత్‌నామీ పల్లెలో తినకపోవడం ఆత్మగౌరవం. రెండింట్లో ఏది అంబేద్కరిజం అని నన్ను అడిగినవాళ్లున్నారు. ఈ ప్రశ్న నియమాల భాషలో వేసిన ప్రశ్న. సూత్రం భాషలో రెండింటికీ వైరుధ్యం లేదు. నా ఆహారాన్ని బట్టి నా మనిషితనాన్ని తూచే హక్కు నీకు లేదని ఇద్దరూ అంటున్నారు. ఆ హక్కు తమకుందనుకున్న గుంపులు ఏం చేస్తాయో ఈ రాయ్‌పూర్ జిల్లాకే తెలుసు. 2024 జూన్‌లో పశువులతో వెళ్తున్న లారీని వెంబడించాక, ఆరంగ్ దగ్గర మహానది వంతెన వద్ద ముగ్గురు మనుషులు ప్రాణాలు కోల్పోయారు. గోవు పట్ల దయ అన్న విలువకు మనిషి పట్ల మైత్రి తోడు లేకపోతే అది దయగా మిగలదు.

అదే ఏడాది మే నెలలో గిరౌద్‌పురి దగ్గర అమర్ గుఫా వద్ద జైతఖామ్‌ను ధ్వంసం చేశారు. పోలీసు దర్యాప్తు మీద నమ్మకం కుదరని సత్‌నామీలు సీబీఐ విచారణ అడిగారు. జూన్ 10న బలౌదాబజార్‌లో నిరసన సభ జరిగిన రోజే కలెక్టరేట్ ఆవరణ తగలబడింది, ఆ తర్వాత పెద్ద ఎత్తున అరెస్టులు జరిగాయి. ఈ విషయంలో మనం సులువైన మాటలు చెప్పకూడదు. రాజ్యాంగ మార్గం తెరిచి ఉన్నంతకాలం ఆ మార్గాన్నే పట్టుకోవాలని 1949 నవంబర్ 25న బాబాసాహెబ్ రాజ్యాంగ సభలో హెచ్చరించారు. ఆ హెచ్చరిక మనకు వర్తిస్తుంది. దానికి ఏడాది ముందు, 1948 నవంబర్ 4న, రాజ్యాంగ నైతికత సహజంగా పుట్టుకొచ్చేది కాదు, సాధన చేసి పెంచుకోవాల్సింది అని కూడా ఆయనే చెప్పారు. ఆ సాధన ప్రజలకు మాత్రమే పెట్టిన పరీక్ష కాదు. ఒక సమాజం అతి పవిత్రంగా చూసుకునే గుర్తు కూలినప్పుడు దర్యాప్తు నమ్మదగినదిగా ఉండాలన్నది ప్రభుత్వానికి పెట్టిన పరీక్ష. తగలబడిన భవనం గురించి మాత్రమే మాట్లాడి, కూలిన స్తంభం గురించి మౌనంగా ఉండే నీతి తమవాళ్ల వరకే ఆగిపోయే నీతి.

సమానత్వానికి పుట్టుక లేదా?

ఇక్కడ తత్వశాస్త్ర విద్యార్థులు ఒక గట్టి అభ్యంతరం లేవనెత్తుతారు, లేవనెత్తాలి. ప్రతి విలువకూ చరిత్ర ఉంటే సమానత్వానికీ ఉంటుంది కదా? అది కూడా ఒక పక్షం తన ప్రయోజనం కోసం తయారుచేసుకున్న విలువే కదా?

అవును, సమానత్వానికి చరిత్ర ఉంది. అది ఆకాశం నుంచి ఊడిపడలేదు. అయితే రెండు తేడాలున్నాయి. మొదటిది, తన పుట్టుకను చెప్పుకోగలగడం. వర్ణధర్మం తన పుట్టుకను దాచుకోవాలి. బ్రహ్మ ముఖం నుంచి, పాదాల నుంచి అని కథ చెప్పకపోతే అది ఒక్కరోజు నిలవదు. అది మనుషులు మనుషుల మీద పెట్టినదని తెలిసిన క్షణంలో దాని పవిత్రత పోతుంది. సమానత్వానికి ఆ భయం లేదు. ఫలానా ఏడాది, ఫలానా చెరువు దగ్గర, ఫలానా జనం అడిగితే వచ్చిందని దాని చరిత్ర మొత్తం చెప్పినా దాని బలం తగ్గదు. రెండోది, స్థానాలు మార్చి చూసినా నిలబడగలగడం. నేను ఏ కులంలో, ఏ లింగంలో పుడతానో ముందుగా తెలియకపోయినా సమానత్వానికి ఒప్పుకోగలను. వర్ణధర్మానికి అలా ఒప్పుకునేవాళ్లు ఎవరున్నారు? మనిషి మనిషిని ప్రేమించాల్సిన అవసరంలోంచే ధమ్మంలోని నీతి పుడుతుందని, దానికి దేవుడి ఆమోదం అక్కర్లేదని బాబాసాహెబ్ రాసింది ఈ అర్థంలోనే.

ఈ కొలత బయటివాళ్ల కోసం మాత్రమే దాచుకునేది కాదు. సత్‌నామ్ పంథ్‌లో గురు స్థానం వంశపారంపర్యంగా ఎందుకు మారింది? ఎవరి నోట అయినా పలకగల సత్యానికి ఒక కుటుంబం ఎందుకు కాపలా కాయాలి? 1955 ఉపఎన్నికలో లోక్‌సభకు గెలిచి, 1972లో విమాన ప్రమాదంలో మరణించేదాకా పనిచేసిన మినీమాత లాంటి నాయకురాలు వచ్చిన సమాజంలో, ఇంటింటా స్త్రీల మాటకు ఎంత విలువ ఉంది? తెలుగు నేల మీద మాల, మాదిగల మధ్య ఉన్న ఎడాన్ని మనం ఏ నీతితో మోస్తున్నాం? ఉద్యమంలోకి వచ్చిన అమ్మాయి నడవడిక మీద చర్చ పెట్టి, అబ్బాయి నడవడికను వదిలేసే మన సంఘాలు శీలం అన్న మాటను బుద్ధుడి దగ్గర నేర్చుకున్నాయా, మనువు దగ్గర నేర్చుకున్నాయా? ఈ ప్రశ్నలు అడిగితే ఉద్యమం బలహీనపడుతుందని కొందరు భయపడతారు. అడగడం ఆపేసిన రోజున మన విలువలు కూడా నియమాల మూటగా మారిపోతాయి.

పరిశోధన చేసే మిత్రులకు ఒక విన్నపం. నైతికత మీద మన విశ్వవిద్యాలయాల్లో వచ్చే సిద్ధాంత గ్రంథాల్లో కాంట్ ఉంటాడు, మిల్ ఉంటాడు, నీషే ఉంటాడు. ఘాసీదాస్ మాత్రం జానపద విభాగంలోనో, మత చరిత్రలోనో ఉంటాడు. పేరయ్య మిషన్ చరిత్రలో ఒక అధోజ్ఞాపికగా ఉంటాడు. విలువలను తయారుచేసిన మనుషులుగా, తత్వవేత్తలుగా వాళ్లను చదవండి. ఇక్కడి పల్లెల్లో ముసలివాళ్లు ఏ నియమాన్ని ఎందుకు పెట్టుకున్నామని చెబుతారో రాసుకోండి. ఏ నియమం ఎవరిని లేపింది, ఎవరిని కిందే ఉంచింది అని ప్రతిచోటా అడగండి. ఒంగోలు మాదిగ పల్లెకూ గిరౌద్‌పురికీ మధ్య రెండు భాషలు తెలిసినవాళ్లు మీరు. ఈ పని మీకంటే బాగా చేయగలవాళ్లు లేరు.

రేపు తరగతిలో ఎవరైనా విలువల గురించి ఉపన్యాసం ఇస్తే లేచి ఒక్క ప్రశ్న అడగండి. ఈ విలువను పాటించనివాళ్లకు మీ ఊళ్లో ఏ స్థానం మిగిలింది?

జై భీమ్. జై సత్‌నామ్.